తాలుకాయలు లేని కళ్ళము

రేడియోలో చిత్రకళను గూర్చి ప్రసంగించుట చిక్కైన పని. చూపుటకు బొమ్మ ఉండదు, మాటలే దిక్కు. అయినను నేను "మిరపకళ్ళము" అనగానే గుంటూరు, ప్రకాశం జిల్లాల శ్రోతలకు ఎవరి కళ్ళము వారి కన్నులయెదుట నిలుచును. ఘాటు తలచుకొని తుమ్మువారును ఉండవచ్చును.

మాట చెప్పగనే బొమ్మ గీయు యంత్రములు ఇప్పుడు వచ్చినవి. మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ అనునవి 2022లో సామాన్యుల చేతికందినవి. స్టేబుల్ డిఫ్యూజన్‌కు చదువు చెప్పిన బొమ్మలు లయన్-5బి అను మహారాశినుండి ఏరినవి. ఆ రాశిలో 585 కోట్ల బొమ్మలకు వాని వర్ణనలతో జతకూర్చిన పట్టిక కలదు. మనము మాట అందించినచో యంత్రము అర్థములేని చుక్కల గందరగోళముతో ఆరంభించి, మెట్టుమెట్టుగా దానిని సవరించుచు, ఆ మాటకు పొసగు రూపమును తేల్చును.

దీనిని విశ్వవిద్యాలయపు చిత్రకళా తరగతిలోనికి రానీయవచ్చునా? నిషేధము నాకు సమ్మతము కాదు. విద్యార్థి జేబులోని ఫోనులో ఉన్నదానిని తరగతి గుమ్మము ఆపజాలదు. నా భయము వేరు. ఒక విద్యార్థిని మిరపకళ్ళమును గీయుమని యంత్రము నడిగినది అనుకొనుడు. కాయలన్నియు ఒకే ఎరుపుతో మెరయు అందమైన బొమ్మ వచ్చినది. కాని కళ్ళమున అట్లుండునా? ఎండిన కొలది ఎరుపు ముదురును. స్త్రీలు కూర్చుండి, రంగు చెడిన తాలుకాయలను ఏరి వేరుగా పోయుదురు. యార్డులో వాని ధర వేరు. బొమ్మలో తాలు లేదని చెప్పవలెనన్న, ఆ పిల్ల ఒకనాడైనను కళ్ళము చెంత కూర్చుండి ఉండవలెను గదా!

మన అమరావతి కథ ఇచట జ్ఞప్తికి వచ్చును. కాలిన్ మెకంజీ ఆ దిబ్బను 1797లో మొదట చూచెను. 1816లో మరల వచ్చి, తన చిత్రకారులచే శిలలను గీయింప నారంభించెను. వారు రాతి యెదుట కూర్చుండి, విరిగినచోట విరిగినట్లే గీసిరి. ఆ శిలలలో కొన్ని తరువాత కనబడకుండ పోయినవి. వాని రూపము నేడు ఆ కాగితములపైననే మిగిలియున్నది. అవి లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. యంత్రము అమరావతి శిల్పమువంటి దానిని ఎన్నియైనను కల్పించును. పోయిన శిల ఎట్లుండెనో సాక్ష్యము మాత్రము చెప్పలేదు.

కనుక నేను కోరునది ఈ వరుస. మొదట పెన్సిలుతో రెండు ఉదయములు కళ్ళమున, పిమ్మట యంత్రము, ఆ పిమ్మట యంత్రపు బొమ్మ ఎచట తప్పినదో విద్యార్థి తన చేతితో గుర్తించిన కాగితము. మార్కులు ఆ కాగితమునకే. ఏ యంత్రమును ఏ మాటలతో అడిగినదియు దానిపై వ్రాయవలెను. తమ బొమ్మలను అనుమతిలేక వాడుకొనిరని కొందరు చిత్రకారులు 2023 జనవరిలో కాలిఫోర్నియాలో దావా వేసిన సంగతియు పిల్లలకు తెలియవలెను.

లలితకళలకై 2020లో కడపలో ప్రత్యేక విశ్వవిద్యాలయమే ఏర్పడినది. మిరప అమ్మిన సొమ్ముతో పిల్లను అంతదూరము పంపిన తండ్రి, "యంత్రమే గీయుచుండగా మా అమ్మాయికి కూడెట్లు?" అని అడుగును. అట్టల బొమ్మలు, ప్రకటనల పని కొంత తగ్గవచ్చును. దాచిపెట్టుట న్యాయము కాదు. చూచి గీయుట నేర్పక, యంత్రముచే పని చేయించుటయే నేర్పిన చదువు ఆ తండ్రిని రెండు విధముల ముంచును.

మాఘ ఫాల్గుణములలో మీ కళ్ళము గట్టున ఎవరైన పిల్ల కాగితముతో కూర్చున్నచో, వ్యాపారి మనిషి యని అనుమానింపకుడు. కొంచెము నీడ చూపుడు. తాలుకాయల గుట్టను కూడ చూపుడు.