తొలిచూలు తొందరపడితే మలిచూలూ తొందరపడుతుందా?

(శ్రీముఖలింగంలో పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి సమావేశంలో మాకు ఇచ్చిన విషయం సంఘ రికార్డుల నిర్వహణ. అయితే ఉదయం పాలకేంద్రంలో తనిఖీకి కూర్చున్నప్పుడు ఇద్దరు సభ్యులు రెండు ప్రశ్నలు వేశారు. "మా పడ్డ తొలిచూలు ఇరవై రోజుల ముందే ఈనీసింది. మలిచూలూ అంతేనా? పాలు ఎప్పుడు ఎండగట్టాలి?" అని ఒక రైతు అడిగాడు. ఆయన వెనకే పాల చెంబు దించిన ఒక తల్లి, "గేదె సంగతి సరే బావూ, మా కోడలికి మొదటి బిడ్డ ఎనిమిదో నెల్లోనే పుట్టీసింది. ఇప్పుడు మళ్ళీ నీళ్ళోసుకుంది. ఇదీ అంతేటి?" అన్నది. వరుసలో ఉన్నవారు నవ్వారు గాని, ఆమె నవ్వలేదు. రికార్డుల మీద చెప్పదలచినదంతా ఈ రెండు ప్రశ్నలలోనే ఉన్నది కనుక వాటినే తీసుకుంటున్నాము. మేము డాక్టర్లము కాము. సహకార డిప్లొమా చదివి, సంఘాల లెక్కలు చూడడం మా వృత్తి. తెలిసిన లెక్కే చెబుతాము. వైద్యం డాక్టరునే అడగవలెను.

ముందు గేదె. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు, ఆవుది సుమారు 280 రోజులు. గేదెలో వారం పది రోజులు అటూ ఇటూ కావడం సహజమే. ఇరవై రోజుల ముందు ఈనిందంటే, ముందుగా అడగవలసినది "ఏ తేదీ నుంచి లెక్క పెట్టావు?" అని. గేదెకు మూగ ఎద ఎక్కువ. సూది వేయించిన తరువాత మూడు వారాలకు మళ్ళీ ఎద లక్షణం కనబడినట్లు అనిపిస్తే రెండో సూది వేయిస్తారు. ఒక్కొక్కసారి గేదె మొదటి సూదికే చూడి కట్టి ఉంటుంది. యజమాని రెండో తేదీ నుంచి లెక్క పెడతాడు. ఇక 21 రోజులు ముందే ఈనకుండా ఎలా ఉంటుంది? ఈనినది సరైన రోజుకే. తప్పినది మన లెక్క. దున్నకు కట్టించిన గేదెకైతే తేదీయే ఉండదు. "సంక్రాంతి వెళ్ళాక" అంటారు. సంక్రాంతి వెళ్ళాక అంటే శివరాత్రి దాకా ఉన్నది కదా!

తేదీలు సరిగా ఉండి, నిజంగానే దూడ పది పన్నెండు రోజులు ముందు పుట్టి, ఆరోగ్యంగా ఉన్నదనుకుందాము. మలిచూలు అంతేనా? కానక్కరలేదు. ఈనే రోజును నిర్ణయించడంలో తల్లి కంటె దూడ పాత్ర పెద్దది. దూడ పూర్తిగా ఎదిగిన తరువాత దాని శరీరంలోనే ఒక రసం పెరిగి, "ఇక బయటికి వస్తాను" అని తల్లికి సూచన అందుతుంది. న్యూజీలాండుకు చెందిన గ్రాహం లిగ్గిన్స్ అనే డాక్టరు 1960లలో గొర్రెల మీద పరిశోధించి దీనిని తేల్చాడు. అందుకే దూడ మారితే రోజు మారుతుంది. ఆవులలో కోడెదూడ అయితే పెయ్యదూడ కంటె ఒకటి రెండు రోజులు ఎక్కువ మోస్తుంది. కవల దూడలయితే వారం ముందే దిగవచ్చును. వీర్యం ఇచ్చిన ఆబోతును బట్టి కూడా రోజులు మారుతాయి. తొలిచూలుకు ఒక ఆబోతు, మలిచూలుకు మరొకటి అయినప్పుడు తల్లి ఒక్కదాని చరిత్ర చూసి తేదీ చెప్పడం కుదరదు.

కనుక ఆ రైతుకు మా సమాధానం ఇది. మలిచూలుకు సూది వేయించిన తేదీ రాసి ఉంచు. రెండు మూడు నెలలకు పశువైద్యునిచేత చూడి పరీక్ష చేయించు. 310వ రోజుకు రెండు నెలల ముందు పాలు ఎండగట్టు. "ఇదీ తొందరపడుతుందేమో" అని మరో ఇరవై రోజులు ముందే ఎండగడితే, రోజుకు మూడు లీటర్లు ఇచ్చే గేదె మీద 60 లీటర్లు పోతాయి. ఈ నష్టం ఏ పుస్తకంలోనూ కనబడదు. అయితే 295వ రోజు నుంచి పొదుగు మీద కన్ను వేసి ఉంచు. దానికి ఖర్చు లేదు.

ఇక ఈసుకుపోవడం వేరు సంగతి. అయిదో నెల దాటాక చచ్చిన దూడ పడితే, దానిని "తొందరపడింది" అనరాదు. దెబ్బ తగిలి కావచ్చు, జ్వరం వల్ల కావచ్చు. బ్రూసెల్లోసిస్ అనే ఈసుకుపోవు రోగం కూడా కావచ్చును. ఈ రోగంలో ఒక వింత ఉన్నది. దీని వల్ల ఒకసారి ఈసుకుపోయిన పశువు చాలావరకు మరుసటిసారి నెలలు నిండే ఈనుతుంది. యజమాని "గండం గడిచింది" అనుకుంటాడు. కాని క్రిమి పొదుగులోనే దాగి ఉండి పాలలోను, ఈనినప్పటి మాయలోను, మైలలోను బయటపడుతూనే ఉంటుంది. కొందరు అటువంటి పశువును నారాయణవలస సంతకో మరో సంతకో తోలి, నోరు మెదపకుండా అమ్మేస్తారు. కొన్నవాడి సాలలో మరో నాలుగు పశువులు ఈసుకుపోతాయి. అమ్మినవాడూ కొన్నవాడూ కూడా ఏదో ఒక సంఘంలో సభ్యులే! పశువు ఈసుకుపోతే మాయను, చచ్చిన దూడను చేతులతో తాకకుండా లోతుగా పాతి సున్నం చల్లవలెను. పశువైద్యునిచేత రక్తపరీక్ష చేయించవలెను. కడుపుతో ఉన్న ఆడవాళ్ళను ఆ దరిదాపులకు రానీయరాదు. ఆ క్రిమి మనుషులకూ సోకి, విడవని జ్వరం తెస్తుంది. గర్భానికీ చేటు. పాలు కాచి తాగితే క్రిమి చస్తుంది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు పెయ్యదూడలకు, పడ్డదూడలకు దీనికి టీకా ఉన్నది. ఆ నెలలు దాటితే అవకాశం పోయినట్లే. దూడ పుట్టిన తేదీ రాసి ఉన్నవారికే ఆ నెలలు తెలుస్తాయి.

ఇప్పుడు ఆ తల్లి అడిగిన మాట. ఇక్కడ గేదె లెక్క సరిపోదు. మనిషి కాన్పులో తల్లి ఆరోగ్యానికి, గర్భసంచికి ఉన్న పాత్ర ఎక్కువ. అందువల్ల మొదటి కాన్పు రెండోదాని గురించి కొంత చెబుతుంది. ఎంత చెబుతుందన్నదే ప్రశ్న.

చివరి ముట్టు మొదటి రోజు నుంచి 280 రోజులకు డాక్టర్లు తేదీ ఇస్తారు. సరిగ్గా ఆ తేదీకే కాన్పు అయ్యేది నూటికి అయిదుగురికి మాత్రమే. వారం పది రోజులు ముందు పుట్టిన బిడ్డ తొందరపడిన బిడ్డ కాదు. 37 వారాలు నిండకముందు పుడితేనే నెలలు నిండని కాన్పు అంటారు. 2020లో మన దేశంలో అటువంటి బిడ్డలు సుమారు 30 లక్షల మంది పుట్టారని అంచనా. ప్రపంచంలో ఏ దేశంలోనూ అంతమంది లేరు.

నార్వే దేశంలో 1967 నుంచి ప్రతి కాన్పునూ ఒకే రిజిస్టరులో రాస్తున్నారు. మన సంఘ సభ్యత్వ రిజిస్టరు వలెనే, ఒకే తల్లి కాన్పులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడవచ్చు. అలా చూసి 1979లోను, ఆ తరువాతను పరిశోధకులు చెప్పినది ఇది: మొదటి కాన్పు నెలలు నిండి అయినవారిలో నూటికి నలుగురైదుగురికి రెండోది ముందే అయినది. మొదటిది ముందే అయినవారిలో నూటికి పదిహేను మంది ప్రాంతంలో. ఇతర దేశాల లెక్కలలో ఇది ముప్పై దాకా కూడా ఉన్నది. మొదటి బిడ్డ ఎంత ముందు పుడితే భయం అంత ఎక్కువ. అంటే అపాయం మూడు రెట్లో, అంతకు మించో పెరిగిన మాట నిజం. అయినా నూటికి డెబ్భై మందికి పైగా రెండో బిడ్డను నెలలు నిండాకే కన్నారు. అత్తగారు భయపడవలసినంత లేదు, మరచిపోవలసినంతా లేదు.

ఈ లెక్కకు ఇంకొక ముఖం ఉన్నది. దానిని ఎవరూ చూడరు. వెయ్యిమంది తల్లులనుకోండి. అందులో వందమందికి మొదటి కాన్పు ముందే అయినదనుకుందాము. వారిలో పదిహేనుమందికి రెండోదీ ముందే. మిగిలిన తొమ్మిది వందలలో నూటికి నలుగురైదుగురు అంటే నలభైమంది. కనుక రెండో కాన్పు ముందే అయినవారిలో ఎక్కువమంది, మొదటిది సక్రమంగా అయినవారే! "మా కోడలికి మొదటిది సుఖంగా అయిపోయింది, దీనికి ఆసుపత్రి ఎందుకు?" అనేవారు ఈ నలభైని తలచుకోవలెను.

అన్నిటికంటె ముఖ్యం, మొదటిది ఎందుకు ముందైనది అన్నది. కవలలు అయినందువల్ల ముందు పుట్టారా? ఈసారి ఒకే బిడ్డ అయితే భయం చాలా తగ్గుతుంది. రక్తపోటు పెరిగి డాక్టర్లే ముందుగా కాన్పు చేశారా? అయితే ఈసారి మొదటినుంచీ రక్తపోటు చూపించుకోవలెను. మూత్రంలో చీము, రక్తహీనత, గర్భసంచి ముఖద్వారం పొట్టిగా ఉండడం, వీటికి పరీక్షలున్నవి, వైద్యమూ ఉన్నది. ఆనాటి ఆసుపత్రి కాగితం దొరికితే సగం జవాబు అందులోనే ఉంటుంది. మనవాళ్ళు భూమి కాగితాలు ఇనపపెట్టెలో దాస్తారు, ఆసుపత్రి కాగితం చూరులో దోపుతారు.

పొగాకు మాట కూడా చెప్పక తప్పదు. మన జిల్లా ఆడవారి అడ్డపొగ వైద్యశాస్త్రంలోకి ఎక్కినది. 1971లో పిండ్‌బోర్గ్ బృందం ఇక్కడి 10,169 మంది పల్లెవాసులను పరీక్షించి, అంగిలికి కలిగే హానిని ప్రచురించారు. పొగాకు ఏ రూపంలో ఉన్నా కడుపులో బిడ్డకు కూడా చేటే.

మరొకటి, బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం. బిడ్డ పుట్టిన తరువాత రెండేళ్ళు ఆగి మళ్ళీ గర్భం దాల్చడం మంచిదని 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించారు. ఎడం తగ్గితే నెలలు నిండని కాన్పు భయం పెరుగుతుంది. మొదటి బిడ్డ ముందే పుట్టి దక్కకపోతే, "ఏడాది తిరక్కుండా మళ్ళీ కను" అని ఇంట్లో ఒత్తిడి తెస్తారు. అది ఓదార్పు అనుకుంటారు గాని, రెండో బిడ్డనూ అదే గండంలోకి తోసినట్లవుతుంది. గేదెకు ఈనిన తరువాత రెండు మూడు నెలలు విశ్రాంతి ఇచ్చే ఇంట్లో కోడలికి ఆ మాత్రం లెక్క లేదా? డాక్టరు ఆగమన్నన్నాళ్ళు ఆగవలెను.

మొదటి కాన్పు ముందైన తల్లి ఈసారి మూడు నెలలలోపే స్కానింగు చేయించుకుంటే తేదీ గట్టిగా తెలుస్తుంది. ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు పరీక్షలు చేసే కార్యక్రమం 2016లో మొదలైనది. ఆశా కార్యకర్తను అడిగితే వివరం చెబుతుంది. వంశధార పొంగే రోజులలో కాన్పు తేదీ పడితే, నది అవతలి వారు చివరి రెండు నెలలు ఆసుపత్రికి దగ్గరలో బంధువుల ఇంట ఉండడం మేలు. సాలూరులో గిరిజన గర్భిణులకు ఇందుకోసమే వసతి గృహం పెట్టారు. ఉమ్మనీరు పోయినా, మైల కనబడినా, నడుములో ఉండి ఉండి నొప్పి వచ్చినా, తెల్లవారేదాకా ఆగక 108కి ఫోను చేయవలెను. గంటలు ఎందుకు ముఖ్యమంటే, ఇందాక చెప్పిన లిగ్గిన్స్ గొర్రెపిల్లలలో మరొకటి కనిపెట్టాడు. ఆ మందు అందిన పిల్లలు ముందే పుట్టినా ఊపిరి తీసుకున్నాయి. 1972లో ఆయన, హోవీ అనే మరొక డాక్టరు కలిసి తల్లులకు ఆ జాతి సూది ఇచ్చి, బిడ్డల ఊపిరితిత్తులు త్వరగా బలపడతాయని చూపారు. మన దేశంలో కూడా 2014 నుంచి ఏ.ఎన్.ఎం.లు మొదటి మోతాదు ఇచ్చి పెద్దాసుపత్రికి పంపేందుకు అనుమతి ఉన్నది. కాన్పుకు ముందు అందితేనే దాని ఫలం.

ఇక రికార్డుల సంగతి. ఈ శ్రీముఖలింగేశ్వరుని గుడిలో గంగరాజుల నాటి శాసనాలు ఉన్నవి. అఖండ దీపానికి ఎవరు ఏమి ఇచ్చారో, ఏ శక సంవత్సరమో రాతిలో చెక్కించారు. తొమ్మిది వందల ఏళ్ళ కిందటి దీపపు నేతికి తేదీ ఉన్నది. మొన్న మాఘంలో సూది వేసిన గేదెకు లేదు! వచ్చే నెల నుంచి సంఘ కార్యదర్శి పాలు పోసే పుస్తకం చివర ఒక గడి గీసి, పశువు చెవిపోగు నంబరు, సూది తేదీ, ఈనిన తేదీ రాయవలెనని మా మనవి. పక్కనే ఆబోతు నంబరు రాస్తే ఇంకా మంచిది.

సభలో వెనుక కూర్చున్న పెద్దమ్మ చీటీ పంపినది: "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదంటారు, నిజమా?" నిజం కాదమ్మా. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఎనిమిదో నెల బిడ్డకే బతికే అవకాశం ఎక్కువ. ఈ మాట నమ్మి ఎనిమిదో నెల బిడ్డను చూసి చేతులు ముడుచుకునేవారున్నారు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో, పెట్టెలు చాలక, డాక్టరు ఎడ్గార్ రే చిన్న బిడ్డలను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనించి కట్టించాడు. నేడు మన ఆసుపత్రులలోనూ అదే నేర్పుతున్నారు. బిడ్డకు తొడుగు, టోపీ ఉంచి, తల్లి గుండెకు ఆనించి, పైన దుప్పటి కప్పి, ముర్రుపాలు పిండి పారబోయక పట్టించవలెను. తల్లి అలసిపోతే తండ్రి అయినా, మీరయినా అలాగే ఎత్తుకోవచ్చును.