గిటార్ చేయిస్తారా? చెక్క సంగతి చివర్న చూద్దాం



ఎలక్ట్రిక్ గిటార్ చేయించుకోవాలని నా దగ్గరకు వచ్చేవాళ్లు ముందుగా అడిగేది, "ఏ చెక్క వాడతారండీ?" అని. భద్రాచలం అడవి అంచున టేకు, జిట్రేగి పేర్లు వింటూ పెరిగినవాళ్లం, అడక్కుండా ఎలా ఉంటాం! కాకపోతే అది ఆఖర్న తేలాల్సిన సంగతి.

కోయ డోలులో, బొబ్బిలి వీణలో కర్ర కూడా మోగుతుంది. పనస దుంగను తొలిచిన వీణ కుండ గాలిని కదిలిస్తుంది. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కు అలాంటి డొల్ల ఉండదు. పికప్ అయస్కాంతం పైన ఉక్కు తీగ కదిలితే, చుట్టూ ఉన్న రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. స్పీకర్‌కు వెళ్లేది అదే. చెక్క ప్రభావం మీద వాదన తెగలేదు గానీ, నా మటుకు నాకు పికప్, తీగ పొడవుల తర్వాతే దాని వంతు.

ముందు తేల్చుకోవాల్సింది, మీ చెయ్యి ఏం వాయించాలి అన్నది. మాండలిన్ శ్రీనివాస్‌నే చూడండి. 1969లో పాలకొల్లులో పుట్టారు. మాండలిన్‌కు నాలుగు జతల తీగలు. జతను కలిపి లాగి గమకం పలికించడం కష్టం, రెండూ సరిసమానంగా సాగవు. ఆయన ఒంటి తీగలకు మారారు, ఐదో తీగ చేర్చుకున్నారు, ఎలక్ట్రిక్ వాయిద్యం పట్టారు. గమకం సులువైంది, కింది స్వరాలు అందాయి, టక్కున ఆరిపోయే స్వరం నిలబడింది. వీటిలో ఏదీ చెక్క మారిస్తే వచ్చింది కాదు.

రిమెంబర్ శక్తి బృందంలో ఆయనతో వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్ ఫ్రెట్ల (మెట్ల) మధ్య చెక్కను పల్లంగా గీకించుకున్నారు. వీణలో మైనం మీద ఎత్తుగా నిలిచిన మెట్లు చేసే పనీ ఇదే. వేలు చెక్కకు రాసుకోదు, తీగ బాగా లాగొచ్చు. కీర్తనలకు ఇది వరం. సినిమా పాటలకు కార్డులు, అంటే స్వరాల గుత్తులు, మాత్రమే కొట్టేవాళ్లు దీని జోలికి పోవద్దు, గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది.

తర్వాత తేల్చాల్సింది తీగ పొడవు. అది ఫెండర్ కంపెనీ గిటార్లలో ఎక్కువగా 648 మిల్లీమీటర్లు, గిబ్సన్‌వాటిలో సుమారు 628. అదే తీగకు, అదే శ్రుతికి పొట్టిదానిలో బిగువు తక్కువ, కాబట్టి వంచడం తేలిక. ఫ్రెట్ల గాడులు కోశాక ఇక మార్చలేరు. వీణకైతే మైనం కరిగించి మెట్లు సర్దుకోవచ్చు.

ఇక పికప్. మన జాతర పందిళ్లలో జనరేటర్, ట్యూబ్‌లైట్లు, లైట్ల డిమ్మర్లు అన్నీ ఒక్కచోటే. ఒంటి చుట్ట పికప్ అక్కడ 'గుయ్'మంటూనే ఉంటుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రూపొందించిన హంబకర్‌లో రెండు చుట్టలు ఉంటాయి, ఒకదాని రొదను రెండోది కొట్టేస్తుంది. గొంతు కాస్త మందమవుతుంది. ఈ ఊళ్లలో వాయించేవాళ్లకు నేను హంబకరే చెబుతాను.

ఇప్పుడు చెక్క. బాడీకి టేకు బరువు, రెండు గంటలు మోస్తే భుజం లాగేస్తుంది. పైగా దాని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు, అతికే ముందు తుడుచుకోవాలి. గుమ్మడి టేకు తేలిక, పెద్దగా వంగదు, పనిముట్టుకు లొంగుతుంది. నా ఓటు దానికే. మిగిలిన డబ్బంతా నెక్ (చెయ్యి పట్టే కాడ) మీద పెట్టండి. వేసవి సెగకు ఎండి, గోదావరి వానలకు ఉబ్బి ముందుగా వంకరపోయేది నెక్కే. బాగా ఆరిన కలపను రెండు మూడు పట్టీలుగా అతికించి, లోపల ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ వేయించాలి. ఫ్రెట్లు కూర్చునే పలకకు జిట్రేగి భేషైనది, ప్రపంచమంతా వాడేదే. 2017లో దాని అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతి పత్రాలు తప్పనిసరయ్యాయి, తయారైన వాయిద్యాలకు 2019లో మినహాయింపు వచ్చింది. ఇక్కడ కొనేటప్పుడైనా రసీదు, రవాణా పర్మిట్ చూడండి. చవగ్గా వచ్చిందని కాగితం లేని దుంగ నా దగ్గరకు తేకండి, నేను ముట్టుకోను.

బల్ల మీద మూడు నెక్‌లు పెట్టాను. వచ్చి పట్టుకుని చూడండి, మీ బొటనవేలికి ఏది కుదురుతుందో చెప్పండి.