కంప్యూటరులో కెర్నెలు మార్చుట

కెర్నెలు అను మాట వినగానే సైన్యములోని కర్నలుగారు జ్ఞప్తికి వచ్చిన శ్రోతలు కొందరైనను ఉందురు. ఉచ్చారణలో ఈ రెండు మాటలకును ఇంగ్లీషువారే భేదము పాటింపరు. నేటి ప్రసంగమునకు కావలసిన కెర్నెలు బాదముకాయలోని పప్పు వంటిది. కంప్యూటరు తెరమీద మనకు కనిపించు బొమ్మలు, అక్షరములు, రంగులు అన్నియు పైపెంకు. మీట నొక్కినపుడు ఆ నొక్కును గ్రహించుట, వ్రాసినదానిని డిస్కుమీద భద్రపరచుట, ఒకే సమయమున పనికోరు పది ప్రోగ్రాములకు వంతులు వేయుట, ఒకదాని జాగాలోనికి మరియొకటి చొరబడకుండ కావలి కాయుట - ఈ చాకిరి యంతయు లోపలి కెర్నెలు చేయును. పేరు పైవారిది, శ్రమ దీనిది.

లినక్సు అనునది ఓపెన్ సోర్స్ పద్ధతిలో వెలువడిన కెర్నెలు. అనగా దాని వ్రాతప్రతి లోకమునకు తెరచియుంచబడినది. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని పదిమందికి పంచవచ్చును. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ మొదలగు పేర్లతో దీనిని వాడుచున్నవారికి కొన్ని వారములకొకసారి క్రొత్త కెర్నెలు వచ్చినదను సూచన తెరపై కనిపించును. వేసికొనవలెనా, మానవలెనా? వేసికొన్న పిమ్మట యంత్రము లేవకపోయినచో గతి యేమి? అమ్మాయి పరీక్ష దరఖాస్తు, తాతగారి పింఛను కాగితములు, ఇంటిల్లిపాది ఫోటోలు ఆ యంత్రములోనే యున్న గృహస్థునకు ఇది చిన్న ప్రశ్న కాదు.

ముందుగా ఈ కెర్నెలు పుట్టుకను కొంత చెప్పవలెను. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991 జనవరిలో ఇంటెల్ 386 చిప్పుగల కంప్యూటరొకటి కొనెను. నాలుగు మెగాబైట్ల మెమరీ గల యంత్రమది. తానొక ఆపరేటింగు సిస్టము వ్రాయుచున్నానని ఆగస్టు 25వ తేదీన అతడు తోడివారికి తెలియజేసెను. ఇది ఇతర జాతుల యంత్రములమీద నడచునది కాదనియు, తనవద్దనున్న రకపు హార్డుడిస్కు తప్ప మరియొకదానిని బహుశః ఎన్నడును గుర్తింపజాలదనియు అందులోనే విన్నవించుకొనెను. ఒక జోస్యము ఇంత బాగుగా తప్పుట అరుదు. 1994 మార్చిలో 1.0 సంఖ్యతో వెలువడిన కెర్నెలులో 1,76,250 పంక్తులుండెను. మరుసటి సంవత్సరమునకే అది 386 జాతిని దాటి, డెక్ సంస్థవారి ఆల్ఫా చిప్పుమీద నడచెను. నేడు దాని పంక్తులు సుమారు నాలుగు కోట్లు. ప్రపంచములోని మొదటి 500 సూపరుకంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు నుండి లినక్సుమీద నడువనిది ఒక్కటియు లేదు. 2021 ఏప్రిల్ 19న అంగారకునిపై ఎగిరిన ఇంజెన్యుయిటీ హెలికాప్టరులోను, మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులలోను ఉన్నది ఈ వంశపు కెర్నెలే.

ఇంత పెరిగినదానిని మాటిమాటికి మార్చుట యెందులకని అడుగవచ్చును. క్రొత్త యంత్రములను గుర్తించుట ఒక కారణము. దానికంటె బలమైనది రక్షణ. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అను రెండు లోపములు లోకమునకు వెల్లడియైనవి. అవి కెర్నెలులోని లోపములు కావు, చిప్పులలోని లోపములు. తన హద్దులో మెలగవలసిన ప్రోగ్రాము, పొరుగువారి రహస్యములను దొంగచాటుగా కనిపెట్టుటకు చిప్పే దారి యిచ్చుచుండెను. ఇండ్లలోను కార్యాలయములలోను నాటుకొనియున్న చిప్పులను ఊడబెరికి మార్చుట అయ్యెడు పని కాదు. కాబట్టి మెల్ట్‌డౌన్ విషయమున కెర్నెలే తన జ్ఞాపకపు పటమును ప్రోగ్రాముల కంటబడకుండ వేరుచేసి దాచుకొనవలసి వచ్చెను. ప్రాత కెర్నెలుతోనే కూర్చున్నవారికి ఆ రక్షణ లేకపోయెను.

అయితే ఆ నెలలోనే మరియొక సంగతి జరిగినది. ఉబుంటు 16.04 వారికి ఈ రక్షణతో పంపిన 4.4.0-108 సంఖ్యగల కెర్నెలు కొన్ని యంత్రములలో అసలు లేవలేదు. మరునాటికే 109వది పంపి సరిదిద్దిరి. వేసికొననిచో దొంగభయము, వేసికొనినచో తలుపే తెరుచుకొనని భయము. ఈ రెంటి నడుమ సామాన్యునికి దారి చూపునది ఒక్క ఏర్పాటు కలదు. అదియే నేటి ప్రసంగమునకు ముఖ్యవిషయము.

క్రొత్త కెర్నెలు వచ్చినపుడు ప్రాతది తీసివేయబడదు. క్రొత్తది దాని ప్రక్కనే వేరొక సంఖ్యతో కూర్చుండును. దానికి సంబంధించిన డ్రైవర్లును తమ సంఖ్యగల వేరు అరలో చేరును. యంత్రము లేచునపుడు గ్రబ్ అను ద్వారపాలకుడు క్రొత్తదానిని పిలుచును; అది పలుకకున్నచో యంత్రమును మరల ఆపి లేపి, ప్రాతదానిని పిలువుమని మనము చెప్పవచ్చును. ఉబుంటులో ప్రాతకాలపు యంత్రములందు లేచు సమయమున షిఫ్టు మీటను, క్రొత్త యంత్రములందు ఎస్కేప్ మీటను నొక్కినచో ఆ జాబితా కనబడును. అందు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనుచోట వెనుకటి కెర్నెళ్లు సంఖ్యలతో వరుసగా నుండును. 2018 జనవరిలో చిక్కుకొన్నవారు చేయవలసినది ఇంతే. ఫెడోరావారు సాధారణముగా మూడు కెర్నెళ్లను నిలిపియుంచెదరు. ఏరు దాటి తెప్ప తగులవేయువానిని లోకము కృతఘ్నుడనును. క్రొత్త కెర్నెలుతో యంత్రము ఒక్కమారైనను లేవకముందే, జాగా కలిసివచ్చునని ప్రాతదానిని తుడిచివేయువాడు ఏరు దాటకముందే తెప్ప తగులవేసినవాడు.

జాగా మాట వచ్చినది గనుక ఒక చిక్కును చెప్పెదను. కొన్ని యంత్రములలో కెర్నెళ్లకై బూట్ అను చిన్న గది వేరుగా కట్టబడియుండును. అది నిండినచో క్రొత్తది సగము చేరి సగము చేరక నిలిచిపోవును. దీనికి తోడు ప్రతి కెర్నెలుకును వెంట ఒక మూట యుండును. డిస్కును తెరచు డ్రైవరు డిస్కులోనే యున్నచో పెట్టె తాళపుచెవిని పెట్టెలోనే పెట్టి మూసినట్లగును గదా! అందుచేత అవసరమైన తాళపుచెవులను మూటగట్టి, కెర్నెలుతోపాటు ముందే జ్ఞాపకములోనికి ఎత్తెదరు. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అని దాని పేరు. ఈ మూట సరిగా కట్టబడనిచో కెర్నెలు లేచి, తన యిల్లు కనబడక వాకిట నిలిచిపోవును. కావున మార్పునకు ముందు ఆ గదిలో చోటున్నదో లేదో చూచుకొని, మిక్కిలి ప్రాతవానిని మాత్రము తొలగింపవలెను. ఇప్పుడు నడచుచున్న కెర్నెలు ఏదియో యూనేమ్ అను ఆజ్ఞకు మైనస్ ఆర్ చేర్చి అడిగినచో యంత్రమే చెప్పును. దాని జోలికి పోరాదు. కరెంటు పోవు వేళలు తెలిసిన ఊళ్లలో ఆ వేళలను తప్పించుకొనుటయు మంచిది.

యంత్రములు నానావిధములగుట ఈ పనిలోని అసలు కష్టము. నాలుగు కోట్ల పంక్తులలో సగమునకు మించినవి డ్రైవర్లే. ఇన్ని జాతుల యంత్రములు ఏ ఒక్కరి బల్లమీదను ఉండవు. అందువలన క్రొత్త కెర్నెలు తయారగునపుడు మొదటి రెండు వారములు మార్పులను స్వీకరించి, పిమ్మట వారమునకొక పరీక్షాప్రతి చొప్పున ఏడెనిమిది ప్రతులు విడుదల చేయుదురు. దేశదేశములవారు తమ తమ యంత్రములమీద వానిని నడిపి తప్పులు పట్టి పంపుదురు. క్రొత్త కెర్నెలు రాకవలన వెనుకటి ప్రోగ్రాము చెడినచో ఆ తప్పు కెర్నెలుదే యని టోర్వాల్డ్స్ పట్టిన నియమము. కాని ఈ హామీ బయటి ప్రోగ్రాములకే; లోపలి అమరికలు ఎప్పుడైనను మారవచ్చును. ఎన్‌విడియా చిత్రపు కార్డులకు ఆ సంస్థవారిచ్చు డ్రైవరు, కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై డ్రైవర్లు కెర్నెలు వ్రాతప్రతిలో చేరక బయటనే యుండుటచేత, కెర్నెలు మారినప్పుడెల్ల వానిని క్రొత్త కొలతలకు మరల కుట్టవలెను. డికెఎంఎస్ అను దర్జీ ఈ పనిని తనంతట తాను చేయును. అది విఫలమైనచో తెర నల్లబడుటయో, వైఫై మాయమగుటయో సంభవించును. వైఫైయే ఆధారమైన ల్యాప్‌టాపులో ఇది ఎక్కువ బాధ. మరమ్మతు సామగ్రి తెచ్చుకొనుటకు దారియే మూసికొనును. అట్టివారు ఫోనును తీగతో కలిపి ఇంటర్నెట్ పొందు ఉపాయమును ముందే ఒకసారి చేసి చూచుకొనవలెను.

తిరిగి ప్రాతదానికి పోవుటవలన గూడ బాగుపడని ఆపద ఒకటి 2008లో వచ్చినది. సెప్టెంబరులో 2.6.27 కెర్నెలు పరీక్షాప్రతులను నడిపినవారిలో కొందరికి ఇంటెల్ నెట్‌వర్కు కార్డులు మూగవోయినవి. వెనుకటి కెర్నెలుతో లేపినను పలుకలేదు. కార్డుమీద దాని స్వంత వివరములుండు చిన్న జ్ఞాపకపు చిప్పులోని వ్రాతయే చెడిపోయినది. అందరును ఇ1000ఇ అను ఆ కార్డు డ్రైవరునే అనుమానించిరి. ముందుగా ఆ చిప్పుమీద ఎవరును వ్రాయకుండ తాళము వేసిరి. అసలు దోషి అక్టోబరులో దొరికెను. కెర్నెలులోని ఏ భాగము ఎప్పుడు నడచినదో కనిపెట్టుటకు ఎఫ్‌ట్రేస్ అను క్రొత్త సాధనము చేర్చియుండిరి. అది కొన్ని చిరునామాలను గుర్తుపెట్టుకొని, తరువాత తిరిగివచ్చి అక్కడ వ్రాయును. ఈలోగా ఆ చోటనున్న తాత్కాలిక భాగము ఖాళీచేసి పోయినది. అదే చిరునామా నెట్‌వర్కు కార్డునకు దక్కినది. అద్దెవారు ఇల్లు మారిన సంగతి తెలియక, వారు పిలిచిన కూలివాడు క్రొత్తగా దిగినవారి గోడకు సున్నము కొట్టిపోయినట్లయినది. డ్రైవరు నిర్దోషి. 2.6.27.1లో ఆ సాధనపు భాగమును ఆపివేసిరి.

ఇది పరీక్షాప్రతులలో బయటపడినది గనుక సాధారణ గృహస్థులలో అధికసంఖ్యాకులు తప్పించుకొనిరి. పరీక్షించువారు తమ కార్డులను పణముగా ఒడ్డిరి. పరీక్షాప్రతులను నడుపుట మంచి సేవయే; కాని అది జీవనాధారమైన యంత్రముమీద చేయదగినది కాదు. మనము వాడు సంస్థవారు తడవి చూచి పంపిన కెర్నెలే మన యింటికి చాలును. పాఠశాలలో ఇరువది యంత్రములున్నచో, ఒక్కొక్క జాతిలో ఒక్కదానికి ముందు వేసి, నాలుగు దినములు చూచి, తక్కినవానికి వేయుట ఉచితము. యంత్రమును ఆపకయే కెర్నెలుకు అతుకు వేయు పద్ధతి 2015లో 4.0లో చేరినది. అది అహోరాత్రములు నడువవలసిన పెద్ద సంస్థలకు; రాత్రి ఆపి ఉదయము లేపు మన యంత్రములకు ఆ ఆర్భాటము అక్కరలేదు.

రాస్‌బెరీ పై వంటి చిన్న పలకల సంగతి వేరు. మేజాబల్లమీది సామాన్య కంప్యూటరు తనలో ఏయే అంగములున్నవో తానే కెర్నెలుకు చెప్పుకొనును. ఆర్మ్ జాతి చిన్న పలకలు సాధారణముగా ఏమియు చెప్పవు. ఒక్కొక్క పలకకు ఒక్కొక్క తీరున పంక్తులు వచ్చి పడుచున్నవని 2011లో టోర్వాల్డ్స్ విసుగుకొనిన పిమ్మట, అంగముల పట్టికను డివైస్ ట్రీ అను వేరొక పత్రములో వ్రాసి ఇచ్చు పద్ధతి ఆ జాతిలో వ్యాపించినది. కెర్నెలు క్రొత్తదై, పట్టిక ప్రాతదైనచో ఏదో ఒక అంగము కనబడకపోవచ్చును. పైగా ఇక్కడ వెనుకటిదానిని ఎంచుకొను జాబితా సాధారణముగా ఉండదు. మార్పునకు ముందు మెమరీ కార్డునకు మరియొక కార్డుమీద నకలు తీసియుంచుటయే ఇచ్చటి తెప్ప. ఇక ఫోనులలోని కెర్నెలును మార్చు పెత్తనము సామాన్యముగా తయారుచేసినవారిదే; వారు పంపుట మానిన దినమున మన చేతిలో చేయగలది అంతగా లేదు.

అన్ని యంత్రములను ఎల్లకాలము మోయుట కెర్నెలుకును సాధ్యము కాదు. 2012 డిసెంబరులో 386 చిప్పునకు సంబంధించిన పంక్తులను తొలగించిరి. 2013 ఫిబ్రవరిలో వెలువడిన 3.8 మొదలు ఏ క్రొత్త కెర్నెలును దానిమీద నడువదు. లినక్సు మొదట ఊపిరి పోసికొన్నది ఆ చిప్పుమీదనే. టోర్వాల్డ్స్ ఏ మాత్రము సందేహింపక ఆ తొలగింపును ఆమోదించెను. పురిటిగది యని ఎవరును శాశ్వతముగా తాళమువేసి ఉంచుకొనరు గదా.

నేడు ఆ వంతు 32 బిట్ల యంత్రములకు వచ్చినది. 2025 ఆగస్టు 9న వెలువడిన డెబియన్ 13లో ఆ జాతి యంత్రములకు కెర్నెలునుగాని, క్రొత్తగా నెలకొల్పు సాధనమునుగాని ఇయ్యలేదు. అటకమీదనో పిల్లల గదిలోనో ప్రాత కంప్యూటరున్న శ్రోతలు ఇది విని దానిని తూకమునకు అమ్మివేయ తొందరపడవలదు. లోపల 64 బిట్ల చిప్పుండియు, మొదట వేసినవారు 32 బిట్ల వ్యవస్థనే వేసిపోయిన యంత్రములు చాల కలవు. ఎల్ఎస్‌సిపియు అను ఆజ్ఞ యిచ్చినచో రెండవ పంక్తిలోనో ఆ ప్రాంతముననో చిప్పు ఏయే విధముల నడువగలదో కనబడును. అక్కడ 64 కూడ ఉన్నచో, ఫోటోలు, కాగితములు వేరొకచోట భద్రపరచుకొని, 64 బిట్ల వ్యవస్థను మొదటినుండి వేసికొనవచ్చును. మెమరీ ఒకటి రెండు గిగాబైట్లే యున్నచో తేలికైన తెర ఏర్పాటు నెంచుకొనవలెను. 32 మాత్రమే యున్నచో, దానిని ఇంటర్నెట్‌కు తగిలింపక, ప్రాత పాటలు వినుటకో, పిల్లలు టైపు నేర్చుకొనుటకో ఉంచుకొనవచ్చును.