వేసవి సెలవులలో ఒక విద్యార్థి పని



వేసవి సెలవులకు ఊరికి వచ్చిన కుఱ్ఱవాడు తలుపు వేసికొని కంప్యూటరు ముందు కూర్చున్నచో, పెద్దలమగు మనము వానిని సోమరి యందుము. నేనును గత వేసవిలో మా దౌహిత్రుని అట్లే నిందించితిని. వాడు హైదరాబాదులో కంప్యూటరు శాస్త్రము చదువుచున్నాడు. పగలు ఒక సంస్థవారు అప్పగించిన పనిని ఇంటినుండియే చేసి, రాత్రులు తన సొంతపని యేదో చేసికొనుచుండెను. “ఈ రాత్రిపనికి జీతమెంత?” యని యడిగితిని. “ఏమియు లేదు, తాతగారూ” అనెను. “అట్లయిన నిద్రపోరాదా?” యంటిని. వాడు వాదింపక ఫిన్లండు దేశపు విద్యార్థి యొకని కథ చెప్పెను. తరువాత నేనును చదివి తెలిసికొన్న ఆ కథనే నేడు మీకు విన్నవించెదను.

ఆ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్సు. 1969లో హెల్సింకీ నగరమున జన్మించెను. అతని మాతామహుడు విశ్వవిద్యాలయములో గణాంకశాస్త్రాచార్యుడు. ఆయన చిన్న కంప్యూటరొకటి కొని, మనుమని ఒడిలో కూర్చుండబెట్టుకొని, తాను కాగితముపై వ్రాసిన ప్రోగ్రాములను వానిచే టైపు చేయించెడివాడట. ఈ ముక్క విన్నప్పుడు నాకు కొంత సిగ్గు కలిగినది.

1991 జనవరిలో లీనస్ వాయిదాల పద్ధతిపై ఒక కంప్యూటరును కొనెను. దాని మెమొరీ 4 మెగాబైట్లు మాత్రమే. నేడు మన ఫోనుతో తీసిన ఒక్క ఫోటోయే ఇంచుమించు అంత స్థలమాక్రమించును.

ఇక అతడు చేసిన పని యేమో చెప్పవలెను. చెరువు నిండియున్నను, ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు వదలవలెనో చూచు నీరుగంటి లేనిచో ఊరికి తగవులే మిగులును. కంప్యూటరునందును అనేక ప్రోగ్రాములు ఒక్కసారిగా యంత్రమును వాడుకొనగోరును. వానికి వంతులు పంచి పెట్టునట్టి నీరుగంటియే ఆపరేటింగు సిస్టము. లీనస్ మొదట రెండు చిన్న ప్రోగ్రాములు వ్రాసెను. ఒకటి ‘ఏ’ అక్షరమును, రెండవది ‘బీ’ అక్షరమును తెరపై వ్రాయుచుండును. కొంతసేపు ఏలు, కొంతసేపు బీలు వంతులవారీగా తెరపై కనబడగా అతడు మిక్కిలి సంతోషించెను. చూచువారికి అది పిల్లలాట. తెలిసినవారికి నీటివంతులు సరిగా సాగుచున్నవనుటకు గుర్తు.

పిమ్మట వేసవి వచ్చెను. ఆ దేశమున వేసవి స్వల్పము. ఆ దినములలో రాత్రి పది గంటలైనను సూర్యుడు క్రుంకడు. చలిచీకట్లలో నెలలు గడపిన జనులు సరస్సులకును తీరములకును పోవుదురు. లీనస్ మాత్రము తల్లిగారి యింటిలో తన గది కిటికీకి నల్లని తెరలు దించుకొని కూర్చుండెను. ఆగస్టు 25వ తేదీన, ఆచార్య టానెన్‌బామ్ విద్యార్థుల బోధనకై నిర్మించిన మినిక్స్ అను సిస్టమును వాడువారికి ఒక లేఖ పంపెను. తాను సరదాకై యొక సిస్టమును వ్రాయుచున్నాననియు, అది పెద్దది కాబోదనియు, మినిక్సులో వారికి నచ్చినదేమో నచ్చనిదేమో తెలుపుడనియు అందలి సారము. అప్పటికి అతనికి ఇరువదియొక్క యేండ్లు. సెప్టెంబరు 17వ తేదీకి సుమారు పదివేల పంక్తుల తొలి ప్రతి సిద్ధమయ్యెను. అదియే లినక్స్.

సర్వమును అతడొక్కడే నిర్మించెననుట న్యాయము కాదు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గారును సహచరులును అంతకుముందే సిద్ధపఱచిన పరికరములను అతడు వాడుకొనెను. ఆ సంవత్సరాంతమున పొరపాటున తన డిస్కుపైని మినిక్సును తానే చెఱిపివైచుకొనెను కూడ! మరల దానిని ఎక్కింపక, తన సిస్టముతోనే కాలము గడపుటకు నిశ్చయించెను. కొందఱు డబ్బు పంపవలెనా యని యడుగగా, మీ ఊరి పోస్టుకార్డు పంపిన చాలుననెను. 1992లో, ఎవరైనను దీనిని మార్చి ఇతరులకు పంచవచ్చును గాని, ఆ మార్పు మూలమును కూడ అట్లే పంచవలెనను నియమమునకు దానిని లోబఱచెను.

తాళపత్రములకు ప్రతి వ్రాసిన మన లేఖకులు, తప్పులుండిన పండితులు దిద్దుకొనవలెనని గ్రంథాంతమున వేడుకొనెడివారు. లీనస్ చేసినదియు అదియే. దిద్దువారు దేశదేశములనుండి వచ్చిరి. నేడు మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనునకు పునాది ఆ లినక్సే. ప్రపంచమునందలి అతివేగవంతములగు ఐదువందల కంప్యూటర్ల జాబితాలో, 2017 నవంబరు నాటికి అన్నియు దానితోనే నడచుచుండెను.

మా వాని రాత్రిపని యేమో చెప్పుట మఱచితిని. పద్యము టైపు చేసినచో గురులఘువులను గుర్తించు ప్రోగ్రాము వ్రాయుచున్నాడు. నాకు చెప్పుటకు భయపడెనట! సంయుక్తాక్షరమునకు ముందటిది గురువను సూత్రమును దానికి నేర్పెను. ‘పుత్రప్రేమ’ యందు ‘త్ర’ గురువని అది సరిగానే పట్టెను. కాని ‘వాని ప్రేమ’ యనుచోట ‘ని’ని కూడ గురువనెను. అది వేఱు తెలుగుమాట గనుక లఘువే యని చెప్పితిని. “మాట యెక్కడ విడిపోవునో యంత్రమున కెట్లు తెలియును, తాతగారూ?” అనెను. ఆ రాత్రి పండ్రెండు గంటలవఱకు ఇద్దఱమును దానికై కూర్చుంటిమి. మీ అవ్వగారు వచ్చి దీపమార్పుడని మమ్మిద్దఱిని కలిపి కోపించినది.