గిటార్ స్పీకర్ పెట్టె ఇంట్లోనే

ఎలక్ట్రిక్ గిటార్ నాదంలో స్పీకర్‌తో పాటు దాన్ని బిగించే పెట్టెకూ పెద్ద వాటా ఉంది. ఆ పెట్టెను ఇంట్లోనే చేసుకోవచ్చు.

చెక్కకు 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ తీసుకోండి. బిర్చ్ అయితే మేలు. లేదంటే పొరల మధ్య ఖాళీలు లేని గట్టి ప్లై చాలు. మూలలకు జిగురు, మరలు రెండూ వేయండి. ఏ పలక వదులుగా ఉన్నా వాయించేటప్పుడు అదురుతుంది.

వెనుక భాగం కొంత తెరిచి ఉంచితే, ఫెండర్ కంపెనీ పాత ఆంప్లిఫయర్ల (ఆంప్‌ల)లోలా, శబ్దం గదంతా పరుచుకుంటుంది. మార్షల్ కంపెనీ నాలుగు స్పీకర్ల పెట్టెలా పూర్తిగా మూస్తే మంద్రం బిగువుగా, ముందుకు సూటిగా వస్తుంది.

అసలు జాగ్రత్త వైరింగులో. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లను సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు, శ్రేణిలో కలిపితే 16. ఆంప్ వెనుక రాసిన ఓమ్‌ల అంకెకు అది సరిపోవాలి. స్పీకర్ల మొత్తం వాట్లు ఆంప్ వాట్లకంటే ఎక్కువే ఉండాలి. ఆంప్‌నుంచి పెట్టెకు గిటార్ తీగ వాడకండి, స్పీకర్ కేబులే వాడండి. వాల్వ్ ఆంప్‌ను స్పీకర్ తగిలించకుండా వాయిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. అందుకే ముందు స్పీకర్, తర్వాతే స్విచ్.