హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎన్ని గంటలు?

పిల్లల దగ్గరికని మొదటిసారి అమెరికా బయల్దేరే అమ్మానాన్నల కోసం ఈ నాలుగు మాటలు.

గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే హైదరాబాద్‌కీ డాలస్‌కీ మధ్య సుమారు 14,400 కిలోమీటర్లు. ఆ దారం దాదాపు ఉత్తర ధ్రువం దగ్గర్నుంచి పోతుంది. మనవాళ్లు ఎక్కువగా దుబాయ్‌లోనో దోహాలోనో మారి వెళ్తారు. దుబాయ్ దాకా 2,550, అక్కణ్ణించి డాలస్‌కి 12,900. అంటే చుట్టు తిరిగినందుకు పడేది వెయ్యి కిలోమీటర్లే.

అసలు తికమకంతా టికెట్ చూసినప్పుడు మొదలవుతుంది. అందులో ఏ ఊరి టైము ఆ ఊరిదే. వేసవిలో దుబాయ్‌లో తెల్లవారుజామున 2.40కి ఎక్కి, అదే తేదీ ఉదయం 9.40కి డాలస్‌లో దిగుతారని ఉందనుకోండి. ఏడు గంటలేగా అనిపిస్తుంది. డాలస్ గడియారం దుబాయ్ కంటే 9 గంటలు వెనక. కూర్చోవాల్సింది 16 గంటలు! తిరుగు ప్రయాణంలో దీనికి తలకిందులు. మధ్యాహ్నం ఎక్కితే దిగేది మర్నాడు. టికెట్‌లో టైము పక్కన చిన్నగా ప్లస్ 1 అని ఉంటుంది, అది చూసుకోకపోతే తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు ఒకరోజు ముందే వచ్చి కూర్చుంటారు.

దూరం ఎక్కువైతే టైమూ ఎక్కువ పట్టాలని కూడా లేదు. 2016లో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకి మార్చింది. దారి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు పెరిగి 15,300 అయింది. అయినా పడమటి నుంచి తూర్పుకి వీచే పైగాలి వెనకనుంచి తోయడంతో పద్నాలుగున్నర గంటల్లో చేరిపోయింది, ముందుకంటే తొందరగానే.

ఇక మీ లెక్క వేసుకోండి. గాల్లో 20 గంటలు, మధ్యలో హాల్టు మూడు నాలుగు గంటలు, మూడు గంటల ముందే శంషాబాద్ చేరడం, దిగాక ఇమిగ్రేషన్ లైను. వరంగల్ నుంచి కారులో వచ్చేవాళ్లకి ఇల్లు వదిలినప్పటి నుంచి 30 గంటలు దాటుతుంది. షుగరు, బీపీ మాత్రలు చేతిసంచిలోనే పెట్టుకోండి. "రాత్రి భోంచేశాక" అని రాసిచ్చిన మాత్ర ఆ ప్రయాణంలో ఎప్పుడు వేసుకోవాలి? ఇన్సులిన్ తీసుకునేవాళ్లు టికెట్ పట్టుకెళ్లి డాక్టరుకి చూపించి, గంటలతో సహా కాగితం మీద రాయించుకోండి. చేతి గడియారం డాలస్ చేరేదాకా మన టైములోనే ఉంచుకుంటే ఆ కాగితం పనికొస్తుంది.

గంటన్నర హాల్టు ఉన్న చవక టికెట్ పెద్దవాళ్లకి వద్దనే అంటాను. న్యూయార్క్‌లోనో షికాగోలోనో మారే టికెట్ అయితే ఇంకా కష్టం. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ అవుతుంది, పెట్టెలు కూడా మీరే తీసుకుని మళ్లీ అప్పగించాలి. అందుకని దుబాయ్, దోహాల్లోనే మారిపోయి నేరుగా డాలస్‌లో దిగే టికెట్ చూడమని అబ్బాయికో అమ్మాయికో చెప్పండి. టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ కూడా పెట్టించమనండి.