చీమల గూటికి శిలాఫలకం లేదు



సామెతల గ్రంథము 6వ అధ్యాయములో సొలొమోను సోమరిని చీమ దగ్గరికి బడికి పంపినట్టు పంపిస్తాడు. ఆ వాక్యభాగం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. కాని నిజంగా వెళ్లి చూసింది మాత్రం మొన్న వేసవిలోనే. మా ఇంటి వెనుక మామిడిచెట్టు ఎక్కి కాయలు కోయబోయి, ఎర్రచీమల చేత కుట్టించుకొని దిగివచ్చాను. తరువాత దూరంగా నిలబడి వాటి గూడును చూశాను.

మామిడితోటలు ఉన్నవారికి ఈ చీమలు బాగా తెలుసు. ఇవి మట్టిలో పుట్ట పెట్టవు. పచ్చి ఆకులనే కలిపి చెట్టుమీద గూడు కడతాయి. పనిచీమలు ఒక ఆకు అంచున వరుసగా నిలబడి పక్క ఆకును నోటితో పట్టి లాగుతాయి. ఆకు అందకపోతే, ఒకదాని నడుమును ఒకటి పట్టుకొని గొలుసులా వేలాడతాయి. అంచులు కలిశాక అతికించాలి కదా! ఎదిగిన చీమల దగ్గర దారం లేదు. అది ఉన్నది గూటిలోని పిల్లపురుగుల దగ్గరే. పనిచీమ ఒక పిల్లపురుగును నోట కరచుకొని తెచ్చి, నేతగాని నాడెలాగ ఈ ఆకుకూ ఆ ఆకుకూ మధ్య ఆడిస్తుంది. దాని నోటినుండి వచ్చే పట్టుదారంతో ఆకులు అతుక్కుంటాయి.

ప్రియులారా, ఇక్కడ ఒక సంగతి గమనించండి. చాలా రకాల చీమల్లో పిల్లపురుగు ఆ దారాన్ని తన చుట్టూ తానే అల్లుకొని, అందులో భద్రంగా ఉండి చీమగా మారుతుంది. ఈ జాతిలోనైతే పిల్లలు తమ పట్టును గూటికే ఇచ్చేస్తాయి. తమకంటూ వేరే పట్టుగూడు ఉండదు. అందరి ఇల్లే వాటికి కప్పు.

ఒకే కుటుంబానికి అనేక చెట్లమీద 100కు పైగా గూళ్లు కూడా ఉండవచ్చు. రాణిచీమ గుడ్లు పెడుతుందే గాని ఎవరికీ పని పురమాయించదు. చిన్న పనిచీమలు లోపల పిల్లలను సాకుతాయి. పెద్దవి ఆహారం తెచ్చి కావలి కాస్తాయి. సరిహద్దు గూళ్లలో ఉండి శత్రువును ఎదిరించేవి వయసు మళ్లిన చీమలేనని శాస్త్రజ్ఞులు గమనించారు. "ముసలివాణ్ణి, ఇక నావల్ల ఏమవుతుంది" అనుకునే తండ్రులారా, తల్లులారా, ఈ మాట మీకోసమే.

ఇప్పుడు నా సంగతి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం నేను సేవచేసిన ఒక సంఘంలో కొత్త మందిరం కట్టాము. గోడలు లేచేదాకా అందరం ఒక్కటే. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలి అన్న దగ్గర గొడవ మొదలైంది. రెండు కుటుంబాలు ఆరాధనకు రావడం మానేశాయి. తప్పంతా వారిదేనని చాలాకాలం చెప్పుకున్నాను. కాని నా పేరు అక్షరాలు కొంచెం పెద్దవిగా చెక్కమని రాయి చెక్కే అతనితో చాటుగా చెప్పింది నేనే. ఆ కుటుంబాల్లో ఒకటి ఇప్పటికీ తిరిగి రాలేదు.

చీమ దగ్గర నేర్చుకోకూడనిదీ ఒకటుంది. వేరే కుటుంబం చీమ వస్తే ఇవి పట్టి చంపుతాయి. మన మందిరపు తలుపు అలా ఉండకూడదు. మరొకటి, పిల్లపురుగు తెలిసి ఇవ్వదు. దానికి వేరే దారి లేదు. మనకు తెలుసు. మన దారాన్ని మన చుట్టూ చుట్టుకోనూగలం, ఇవ్వనూగలం. మన ప్రభువు తెలిసే, ఇష్టపూర్వకంగానే తన్నుతాను ఇచ్చుకున్నాడు. మొదటి కొరింథీ పత్రిక 12వ అధ్యాయములో పౌలు బోధించినట్టు, బలహీనంగా కనిపించే అవయవం లేకుండా శరీరం నిలువదు. చాపలు పరిచే చెల్లెలి పేరు ఏ రాతిమీదా లేదు. ఆమె లేకపోతే ఆదివారం మనం కూర్చునే చోటుండదు.

పేరు కోసం మీరు దూరం చేసుకున్నవారు ఉన్నారా? ఈ వారమే వారి ఇంటికి వెళ్లండి. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక నేనూ ఆ కుటుంబం దగ్గరికి బయలుదేరుతున్నాను. వారు తలుపు తీస్తారో లేదో తెలియదు. నాకోసం ప్రార్థించండి.

ప్రభువు మనలను ఒకే ఇంటివారిగా కట్టును గాక. ఆమేన్.